ఫార్మాట్‌కి ఒప్పుకునే ముందు ఒక్కసారి ఇది చూడండి

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ సంగతి. పాప ప్రాజెక్ట్ ప్రింట్ కోసం బయటికి తీసుకెళ్లిన పెన్‌డ్రైవ్‌ని ఇంట్లో సిస్టమ్‌కి పెట్టాక ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లయిపోయాయి, స్క్రీన్ మీద కుడివైపు కింద మూల ‘మీ కంప్యూటర్‌లో వైరస్‌లు ఉన్నాయి’ అని అస్తమానం వస్తోంది, మధ్యమధ్యలో బ్లూ స్క్రీన్ వచ్చి రీస్టార్ట్ అవుతోంది. షాపులో అడిగితే ఫార్మాట్ చెయ్యాలి, డేటాకి గ్యారంటీ లేదు అన్నారు. దయచేసి ఇప్పుడే ఒప్పుకోకండి. ఇవి మూడూ ఒకే వైరస్ పనులు కావు, మూడు వేర్వేరు సమస్యలు అయ్యుండే అవకాశమే ఎక్కువ. అన్నిటికీ కలిపి ఫార్మాట్ అంటే ఫోటోలు పోతాయి, సమస్యలో సగం అలాగే ఉంటుంది.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, విశాఖలో సముద్రం పక్కనుండే లాసన్స్ బే కాలనీలో మా బాబాయి వాళ్లింట్లో సరిగ్గా ఇదే జరిగింది. షాపువాళ్లు ఫార్మాట్ చేసి ఇచ్చారు, తాతయ్య ఫోటోలన్నీ పోయాయి. ఇంటికొచ్చాక అదే పెన్‌డ్రైవ్ పెడితే షార్ట్‌కట్లు మళ్లీ వచ్చాయి. బ్లూ స్క్రీన్ అయితే అసలు ఆగనే లేదు, ఎందుకంటే దానికీ వైరస్‌కీ సంబంధం లేదు, అది ర్యామ్ సమస్య. ఆ తరవాత నేను కూర్చుని ఒక్కోటీ విడదీసి చూశాను.

అన్నిటికంటే ముందు హార్డ్ డిస్క్ ఎలా ఉందో చూడండి. క్రిస్టల్‌డిస్క్ఇన్ఫో అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, దాని సొంత సైట్ నుంచే దించుకోండి. తెరవగానే నీలం రంగులో ‘గుడ్’ అని ఉంటే పర్వాలేదు. పసుపు రంగులో ‘కాషన్’ అనో, ఎరుపులో ‘బ్యాడ్’ అనో ఉంటే మిగతా పనులన్నీ పక్కన పెట్టి ఫోటోలు, కాగితాల స్కాన్‌లు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. అలాంటప్పుడు చాలామంది ముందు చెక్‌డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతికే విండోస్ టూల్) నడపమంటారు, నేను మాత్రం వద్దంటాను. చచ్చిపోబోతున్న డిస్క్‌ని గంటల తరబడి మొత్తం చదివిస్తే ఉన్న కాస్త ఊపిరీ అందులోనే పోవచ్చు. కాపీ అయ్యాకే ఏదైనా. ఫోటోలు, డాక్యుమెంట్లు మాత్రమే తీసుకోండి, ఇన్‌స్టాలర్ ఫైళ్లు వద్దు.

డిస్క్ బాగుంటే ఇంక వైరస్ సంగతి. ముందు ఇంటర్నెట్ ఉండగానే డిఫెండర్‌ని (విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్) అప్‌డేట్ చెయ్యండి. తరవాత విండోస్ సెక్యూరిటీలో స్కాన్ ఆప్షన్స్‌లోకి వెళ్లి డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. సిస్టమ్ రీస్టార్ట్ అయి, విండోస్ లేవకముందే స్కాన్ అవుతుంది, పావుగంట పడుతుంది. విండోస్ నడుస్తున్నప్పుడు దాక్కునేవి ఇందులో దొరుకుతాయి. అది అయ్యాక ఒక ఫుల్ స్కాన్, రెండో అభిప్రాయం కోసం మాల్‌వేర్‌బైట్స్ ఫ్రీ వెర్షన్‌తో ఇంకోటి. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి ఎప్పుడూ నడిచేలా మాత్రం పెట్టుకోకండి, ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి.

సిస్టమ్ శుభ్రమయ్యాకే పెన్‌డ్రైవ్ ముట్టుకోండి. ముందు దాన్ని శుభ్రం చేసి ఇన్ఫెక్షన్ ఉన్న సిస్టమ్‌కి పెడితే మళ్లీ మొదటికొస్తుంది. అందులో ఫైళ్లు పోలేదండీ, టెన్షన్ పడకండి. ఈ రకం వైరస్ అసలు ఫోల్డర్లని హిడెన్, సిస్టమ్ ఫైళ్లుగా మార్చేసి, వాటి పేర్లతో షార్ట్‌కట్లు పెడుతుంది. మీరు డబుల్ క్లిక్ చేస్తే ఫోల్డరూ తెరుచుకుంటుంది, వెనకాల దాని స్క్రిప్టూ నడుస్తుంది. అందుకే షార్ట్‌కట్ మీద అసలు నొక్కొద్దు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఆప్షన్స్‌లో వ్యూ ట్యాబ్‌కి వెళ్లి హిడెన్ ఫైళ్లు చూపించమని పెట్టి, ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్ దగ్గర టిక్ తీసేయండి. అసలు ఫోల్డర్లు మసకగా కనిపిస్తాయి. కొన్నిసార్లు అన్నీ కలిపి పేరే లేని ఒక ఫోల్డర్‌లో ఉంటాయి, దాన్ని ఖాళీ అనుకుని డిలీట్ చేసేవాళ్లని చూశాను. మీ ఫైళ్లు కాపీ చేసుకుని, పెన్‌డ్రైవ్‌నే ఫార్మాట్ చెయ్యండి. ఇక్కడ ఫార్మాట్ సరైన పనే. ఇకమీదట జిరాక్స్ షాపుకి పెన్‌డ్రైవ్ బదులు పీడీఎఫ్‌ని మెయిల్ చెయ్యమనండి. మద్దిలపాలెం వైపు రోజంతా పిల్లలు ఒకరి తరవాత ఒకరు అదే సిస్టమ్‌కి పెన్‌డ్రైవ్‌లు పెడుతూ ఉంటారు, ఒకరికి ఉంటే అందరికీ అంటుకుంటుంది.

వైరస్ పోయాక సిస్టమ్ ఆన్ చేసినప్పుడల్లా ‘స్క్రిప్ట్ ఫైల్ కనపడలేదు’ అని ఎర్రర్ రావచ్చు. అది వైరస్ ఇంకా ఉందని కాదు. ఫైల్ పోయింది, సిస్టమ్ ఆన్ అవగానే దాన్ని పిలిచే స్టార్టప్ ఎంట్రీ మిగిలింది. మైక్రోసాఫ్ట్ వాళ్లదే ఆటోరన్స్ అనే టూల్ ఉంది, అందులో ఆ ఎంట్రీ వెతికి టిక్ తీసేస్తే సరి. టాస్క్ షెడ్యూలర్‌లో కూడా ఒకసారి చూడండి.

ఆ కుడివైపు మూల వచ్చే హెచ్చరికలు చాలావరకు వైరస్ కానే కావు. ఎప్పుడో ఏదో సైట్‌లో ‘అలౌ’ నొక్కి ఉంటారు, అది నోటిఫికేషన్లు పంపుతోంది. క్రోమ్‌లో సైట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, నోటిఫికేషన్స్‌లో తెలియని సైట్లన్నీ తీసేయండి, తెలియని ఎక్స్‌టెన్షన్లు కూడా. వాటిల్లో ఫోన్ నంబర్ ఉంటే మాత్రం ఇంట్లో పెద్దవాళ్లకి గట్టిగా చెప్పి ఉంచండి: మైక్రోసాఫ్ట్ ఎర్రర్ మెసేజ్‌లలో ఫోన్ నంబర్ ఎప్పుడూ ఉండదు. ఫోన్ చేస్తే ఎనీడెస్క్ లాంటిది (దూరం నుంచే మీ కంప్యూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) వేయించి, ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ రాసుకునే చిట్టాలో) ఎర్ర గుర్తులు చూపించి భయపెడతారు. ఆ ఎర్ర గుర్తులు బాగున్న కంప్యూటర్‌లోనూ ఉంటాయి. ఇప్పటికే ఎవరైనా డబ్బు కట్టి ఉంటే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

ఇక బ్లూ స్క్రీన్. అది వచ్చినప్పుడు కింద ఉండే స్టాప్ కోడ్‌ని ఫోన్‌తో ఫోటో తీయండి. బాబాయి వాళ్లది ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అని వచ్చేది. సముద్రానికి దగ్గర ఇళ్లల్లో కిటికీ ఊచలు ఎంత తొందరగా తుప్పు పడతాయో మీకు తెలుసు, ఆ ఉప్పుగాలి, తేమ క్యాబినెట్‌ లోపలికీ వెళ్తాయి. సిస్టమ్ ఆఫ్ చేసి, ప్లగ్ తీసేసి, క్యాబినెట్ లోహాన్ని ఒకసారి ముట్టుకుని, ర్యామ్ బయటికి తీసి పిన్నుల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, క్లిప్పులు టక్ మనేదాకా నొక్కి పెట్టండి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కోటీ విడిగా పెట్టి చూడండి. తరవాత స్టార్ట్‌లో విండోస్ మెమరీ డయాగ్నోస్టిక్ అని వెతికి నడపండి. ర్యామ్ బాగుందని తేలితేనే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ముందు డిజమ్ రీస్టోర్‌హెల్త్, తరవాత ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ నడపండి, ఇవి పాడైన విండోస్ ఫైళ్లని బాగుచేసే కమాండ్లు. పాడైన ర్యామ్ మీద ఇవి నడిపితే ఉపయోగం లేదు.

ఇంకొకటి, ఇది చాలామంది వదిలేస్తారు. బ్రౌజర్‌లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్‌లు దొంగిలించే మాల్‌వేర్ ఇప్పుడు చాలా ఎక్కువ. బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డ్‌లు ఫోన్ నుంచి మార్చేసి, అన్ని డివైస్‌ల నుంచీ సైన్ అవుట్ చెయ్యండి. వైరస్ ఉన్న ఆ సిస్టమ్ నుంచి మార్చొద్దు.

ఇంత చేసినా కుదరక విండోస్ మళ్లీ వెయ్యాల్సి వస్తే, షాపులో క్రాక్ వెర్షన్ వెయ్యనివ్వకండి. మీది అసలు విండోస్ అయితే లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి దించి అదే ఎడిషన్ వేసుకుంటే దానంతటదే యాక్టివేట్ అవుతుంది. ‘యాక్టివేటర్ వేస్తాం, డిఫెండర్ ఆపేయండి’ అన్నారంటే ఆ షాపు నుంచి సిస్టమ్ వెనక్కి తెచ్చేసుకోండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది కాబట్టి మీ సిస్టమ్‌కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, విండోస్ 11కి సరిపడే ప్రాసెసర్ ఉంటే ఎలాగూ వేస్తున్నప్పుడు 11 వేసుకోవడమే మంచిది.

స్టాప్ కోడ్ ఏమొచ్చిందో, డిస్క్‌కి ఏ రంగు చూపించిందో చెప్పండి, అక్కణ్నుంచి చూద్దాం.