హెడ్ కోయించే ముందు ఫుల్ థ్రాటిల్‌లో ఆర్‌పీఎం చూడండి

ప్రశ్న: మా బోటుకు 40 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఔట్‌బోర్డ్ (బోటు వెనక తగిలించే ఇంజన్) ఉంది. రెండు సిలిండర్లు, రెండు కార్బురేటర్లు, పాతికేళ్లు దాటిన ఇంజన్. స్టార్టింగ్‌కి ఢోకా లేదు. ఇదివరకు నలుగురం ఎక్కినా ఇట్టే నీటి మీదికి లేచి పరుగెత్తేది. ఇప్పుడు ఇద్దరమే ఉన్నా ముక్కు పైకెత్తి, వెనకభాగం ఈడ్చుకుంటూ పోతోంది. హెడ్ (సిలిండర్ మీది లోహపు మూత) కోయించి కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కే ఒత్తిడి) పెంచమని ఒకరు, కార్బురేటర్ జెట్‌లు (పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రాలు) పెద్దవి చేయమని ఇంకొకరు అంటున్నారు. పెట్రోల్‌లో ఆయిల్ తగ్గిస్తే పవర్ పెరుగుతుందని కూడా విన్నాను. ఏది చేయమంటారు?

జవాబు: మూడూ వద్దు. మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన మాట ‘ఇదివరకు నలుగురం ఎక్కినా లేచేది’ అన్నది. అంటే ఆ బోటుకు ఆ ఇంజన్ సరిపోతుంది. ఉన్న పవరే ఎక్కడో పోతోంది. దాన్ని రాబట్టకుండా కొత్త పవర్ కోసం లోహం కోయడం నాకు అస్సలు ఇష్టం లేదు.

ముందు ఒక ట్యాకోమీటర్ (ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో, అంటే ఆర్‌పీఎం చూపే మీటరు) తగిలించండి. ప్లగ్ వైరుకు చుట్టుకునే చిన్నదైనా చాలు. మామూలు బరువుతో వెళ్లి, ఫుల్ థ్రాటిల్‌లో ఎంత తిరుగుతోందో చూడండి. ఈ తరగతి ఇంజన్లకు ఎక్కువగా 4500 నుంచి 5500 మధ్య అని మాన్యువల్‌లో ఉంటుంది. మీ పుస్తకంలో ఉన్న అంకెనే ప్రమాణంగా తీసుకోండి.

ఇంజన్ గొంతు పెంచి గిర్రున తిరుగుతున్నా బోటు కదలకపోతే తప్పు ప్రొపెల్లర్ దగ్గర ఉన్నట్టే. ప్రొపెల్లర్ లోపల రబ్బరు హబ్ ఉంటుంది. పాతబడితే అది జారుతుంది. ఇది పట్టుకోవడం తేలిక. లోపలి హబ్ మీద నుంచి ప్రొపెల్లర్ మీదికి పెయింట్‌తో ఒకే గీత గీయండి. ఆరాక నీళ్లలో ఫుల్ థ్రాటిల్ ఇచ్చి వచ్చి చూడండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగి ఉంటే హబ్ పోయింది. అది వేయించకుండా ఇంజన్ మీద ఎంత ఖర్చు పెట్టినా దండగే.

ఆర్‌పీఎం తక్కువగా ఉంటే ఇంజన్ వైపు రండి. ఇంజన్ ఆపి, పై మూత తీసి, ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పుతూ ఫార్వర్డ్ గేర్ వేసి, ఇంకొకరిని లీవర్ పూర్తిగా ముందుకు తోయమనండి. మీరు టార్చిలైటుతో కార్బురేటర్ల నోట్లోకి చూడండి. లోపలున్న గుండ్రటి బిళ్ల పూర్తిగా తెరుచుకుంటే దాని అంచు మాత్రమే కనపడాలి. బిళ్ల ముఖం ఏటవాలుగా కనపడుతోందా? మీ చేతిలో ఫుల్ థ్రాటిల్, ఇంజన్‌కి మాత్రం ముప్పాతిక! పాత కేబుల్ సాగడం, లింకేజీలో ప్లాస్టిక్ బుష్‌లు అరగడం ఈ వయసు ఇంజన్లలో మామూలే. రెండు బిళ్లలూ ఒకేసారి తెరుచుకోవాలి కూడా. చాలామంది ఇది చూడకుండానే కార్బురేటర్లు విప్పేస్తారు.

తర్వాత పెట్రోల్. ఫుల్ థ్రాటిల్‌లో వెళ్తుండగా పక్కనున్నవాళ్లని పెట్రోల్ పైపు మీది రబ్బరు బల్బు నొక్కుతూ ఉండమనండి. ఇంజన్ ఊపందుకుంటే దానికి పెట్రోల్ చాలడం లేదని అర్థం. ఫ్యుయెల్ పంప్ డయాఫ్రమ్, గట్టిపడిన పైపులు, ట్యాంకు మూత మీది గాలి రంధ్రం చూడండి. దీన్ని మాత్రం వాయిదా వేయకండి. పెట్రోల్ చాలని టూ స్ట్రోక్‌లో పిస్టన్ కరిగిపోతుంది.

కంప్రెషన్ కూడా కొలవండి. ఇంజన్ వేడెక్కాక ఆపి, ప్లగ్‌లన్నీ తీసి, స్పార్క్ రాకుండా కిల్ స్విచ్ లాగేసి, థ్రాటిల్ తెరిచి చూడాలి. అంకె ఎంతన్న దానికంటే రెండు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. తేడా పది శాతం దాటితే మసి పట్టి రింగులు ఇరుక్కుని ఉండొచ్చు. ముందు డీకార్బనైజింగ్ స్ప్రే వాడి చూడండి, అప్పటికీ తేడా తగ్గకపోతే విప్పాల్సిందే.

బోటు బరువు కూడా ఒకసారి తూయించండి. డెక్ కింద ఫోమ్ నీళ్లు పీల్చుకుంటే మీరు దించేసిన ఇద్దరు మనుషుల బరువు అక్కడే కూర్చుని ఉంటుంది. అడుగున నాచు, గుల్లలు ఉంటే గీకించండి. ప్రొపెల్లర్ పైనున్న అడ్డపలక బోటు అడుగుతో సమానంగా గానీ, అంగుళం లోపు పైకి గానీ ఉండాలి. అంతకంటే లోతుగా ఉంటే ఇంజన్ కింది భాగమే నీళ్లకు అడ్డు.

ఇవన్నీ సరిచేశాక కూడా ఆర్‌పీఎం తక్కువే ఉంటే అప్పుడు ప్రొపెల్లర్ పిచ్ (ఒక్క చుట్టుకు అది ముందుకు సాగాల్సిన దూరం) తగ్గించండి. ఒక అంగుళం తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 ఆర్‌పీఎం పెరుగుతుంది. మీకు కావాల్సింది నీటి మీదికి లేవడం కాబట్టి, ఇంజన్‌ని కోయకుండా తెచ్చుకోగల లాభాల్లో ఇదే పెద్దది. అయితే తేలిక బరువుతో వెళ్లినప్పుడు ఆర్‌పీఎం గరిష్ఠ అంకె దాటకుండా చూసుకోవాలి.

ఇక మీకు అందిన సలహాలు. హెడ్ కోస్తే కంప్రెషన్ పెరిగి, మామూలు పెట్రోల్‌తో డిటొనేషన్ (పెట్రోల్ అదుపు తప్పి పేలడం) మొదలై పిస్టన్ తల గుంటలు పడుతుంది. అంత రిస్కు తీసుకుని పవర్ పది శాతం పెంచారే అనుకోండి, నీటి మీద తేలి పరుగెత్తే బోటుకు వేగం సుమారు ఐదు శాతమే పెరుగుతుంది. జెట్‌లు పెద్దవి చేస్తే పెట్రోల్ ఎక్కువై ప్లగ్‌లు తడుస్తాయి, పొగ వస్తుంది. జెట్‌లను శుభ్రం చేయించండి, డ్రిల్ మాత్రం పెట్టనివ్వకండి. ఆయిల్ తగ్గిస్తే పవర్ రాదు. ఆ ఆయిలే క్రాంక్ బేరింగులకు, పిస్టన్‌కు ఆధారం, వేరే ఆయిల్ ఎక్కడా లేదు. మాన్యువల్‌లో 50:1 అని ఉంటే 25 లీటర్ల పెట్రోల్‌కి అర లీటరు కొలిచి పోయండి, టీసీ-డబ్ల్యూ3 అని రాసి ఉన్న ఆయిలే వాడండి.

అప్పటికీ బోటు లేవకపోతే మళ్లీ రాయండి. రెండు సిలిండర్ల కంప్రెషన్, ఫుల్ థ్రాటిల్‌లో ఆర్‌పీఎం, ప్రొపెల్లర్ మీద అచ్చు వేసి ఉన్న నంబర్లు మర్చిపోకుండా పంపండి.