కిర్మాన్ గద్దె ఎవరిదో తేల్చేది యర్లిగ్

"కారా ఖితాయిలు చైనా వైపు నుంచి వచ్చినవాళ్లు కదా, ఇరాన్‌లోని కిర్మాన్‌ను ఎలా ఏలారు? మంగోలుల కింద అన్నేళ్లు ఎలా నిలిచారు?" అని అడిగారు.

ముందు ఒక చిక్కు విడదీయాలి. మధ్య ఆసియాలోని కారా ఖితాయి రాజ్యం 1218లో మంగోలుల చేతిలో ముగిసింది. కిర్మాన్ వంశం వేరు. మధ్య ఆసియా, ఇరాన్‌లను ఏలిన ఖ్వారజ్మ్ షా కొలువులో హాజిబ్‌గా (కొలువు వ్యవహారాలు చూసే అధికారిగా) ఉన్న బురాక్ అనే ఖితాన్, అంటే కారా ఖితాయిల జాతివాడే, 1222లో కిర్మాన్‌ను పట్టుకుని ఆ వంశాన్ని నిలబెట్టాడు. ఇస్లాం పుచ్చుకుని ఖలీఫా దగ్గర కుత్లుగ్ సుల్తాన్, మంగోలుల దగ్గర కుత్లుగ్ ఖాన్ బిరుదులు సంపాదించాడు. అందుకే వీళ్లను కుత్లుగ్ ఖానీలు అంటారు.

ఇక అసలు కీలకం యర్లిగ్, అంటే ఖాన్ ఇచ్చే ఆజ్ఞాపత్రం. తండ్రి పోతే కొడుకు గద్దెనెక్కడంతో పని పూర్తి కాదు, ఖాన్ ఒప్పుకోవాలి. 1235లో బురాక్ చనిపోగానే కిర్మాన్‌లో ఉన్న సోదరుడి కొడుకు కుత్బుద్దీన్ గద్దెనెక్కాడు. బురాక్ సొంత కొడుకు రుక్నుద్దీన్ మాత్రం మంగోల్ మహాఖాన్ ఒగెదెయ్ కొలువుకు చేరి యర్లిగ్ తెచ్చుకున్నాడు. కుత్బుద్దీన్ దిగిపోక తప్పలేదు. తర్వాత మోంగ్కె ఖాన్ అయ్యాక పత్రం తిరగబడింది: కుత్బుద్దీన్ మళ్లీ వచ్చాడు, రుక్నుద్దీన్ ప్రాణం పోయింది. రాజుల పట్టికల్లో కుత్బుద్దీన్ రెండుసార్లు కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకండి.

అతని తర్వాత 1257 నుంచి 1282 దాకా పాలన భార్య తర్కాన్ ఖాతూన్ చేతిలో ఉంది. ఈ వంశంలో గట్టి పాలకురాలు ఆవిడే అని నా అభిప్రాయం. తర్కాన్ అన్నది పేరు కాదు, బిరుదు. ఖ్వారజ్మ్ షా తల్లికీ అదే ఉంది కాబట్టి ఇద్దరినీ కలిపేయకూడదు. ఈవిడ తన కూతురు పాద్షా ఖాతూన్‌ను ఇల్ఖాన్ (ఇరాన్‌ను ఏలే మంగోల్ రాజు) అబాకాకిచ్చి పెళ్లి చేసింది. మంగోల్ కొలువులో మాట చెల్లడానికి అంతకంటే బలమైన ఆధారం లేదు.

అదే ఆధారం ఎదురు తిరిగింది కూడా. పాద్షా ఖాతూన్ ఆ తర్వాత గైఖాతును పెళ్లాడి, అతను ఇల్ఖాన్ కాగానే 1291లో కిర్మాన్ పుచ్చుకుని, సవతి సోదరుడు సొయుర్‌ఘత్మిష్‌ను చంపించింది. 1295లో గైఖాతు పడిపోగానే ఆమెకూ మరణశిక్ష పడింది. అందుకే కిర్మాన్ రాజుల పట్టిక చదివేటప్పుడు పక్కనే ఇల్ఖాన్‌ల పట్టిక పెట్టుకోండి. అక్కడ ఖాన్ మారిన ఏడాది చూస్తే ఇక్కడి మార్పులు చాలావరకు అర్థమవుతాయి. చివరికి ఇల్ఖాన్ ఉల్జైతు ఆఖరి పాలకుడు షాజహాన్‌ను దించి, వంశాన్నే పక్కన పెట్టాడు.

మార్కో పోలో కిర్మాన్ మీదుగా వెళ్లింది తర్కాన్ ఖాతూన్ కాలంలోనే. అక్కడ వారసత్వం పోయిందని, తాతారులు (అంటే మంగోలులు) తమకు నచ్చినవాణ్ణి పంపుతారని రాశాడు. మోటుపల్లి సీమను రాణి ఏలుతోందని రాసినవాడు ఇక్కడి రాణిని వదిలేశాడు. వారసత్వం నిజానికి పోలేదు. బురాక్ ఇంటివాళ్లలోనే ఎవరో ఒకరికి యర్లిగ్ దక్కేది.