టెక్ సందేహాలు: సొంత సర్వర్‌లో ఏపీఐ సాఫ్ట్‌వేర్, లోపల దాగిన టోకెన్లు

ప్రశ్న: మా సంస్థలో 300 మంది డెవలపర్లు ఏపీఐలను (ఒక సాఫ్ట్‌వేర్ మరోదానితో మాట్లాడే మార్గాలను) రూపొందించడానికి, పరీక్షించడానికి వాడుతున్న క్లౌడ్ సాఫ్ట్‌వేర్‌ను సొంత సర్వర్లలోకి మార్చాలని యాజమాన్యం నిర్ణయించింది. ఎన్ని కోర్లు, ఎంత ర్యామ్ కావాలి? అనేక సర్వర్లలో సాఫ్ట్‌వేర్‌ను నడిపి నిర్వహించే కుబెర్నెటీస్ తప్పనిసరా? డేటా మా గడప దాటదు కనుక భద్రత గురించి నిశ్చింతగా ఉండవచ్చా?

జవాబు: ఈ మూడు ప్రశ్నలనూ ఇదే వరుసలో చాలామంది పంపుతున్నారు, మొదట అడగవలసినది ప్రతిసారీ చివరికి వస్తోంది. కోర్లు, ర్యామ్ విషయంలో సాఫ్ట్‌వేర్ పత్రాలలో చెప్పిన కనీస పరిమాణంతో మొదలుపెట్టి, ఆటోమేటెడ్ పరీక్షలు ముమ్మరంగా నడిచే వేళ భారాన్ని కొలిచి పెంచుకోండి. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ అయితే, మీరు మార్చనంతవరకు అది ఒకేసారి అంగీకరించే కనెక్షన్ల పరిమితి మామూలుగా 100 వద్దే ఉంటుంది కాబట్టి, ర్యామ్ చాలడం లేదని తీర్మానించే ముందు దాన్ని చూడండి. కుబెర్నెటీస్‌ను నడపగల బృందం ఇప్పటికే ఉంటే వాడుకోండి; ఈ ఒక్క సాఫ్ట్‌వేర్ కోసం కొత్తగా తెచ్చుకోవద్దు. దాని ఒక్కో వెర్షన్‌కు సవరణలు అందేది సుమారు 14 నెలలే, ఆపైన అప్‌గ్రేడ్ చేసే భారం మీ మీదే పడుతుంది.

మూడో ప్రశ్నకు నా సమాధానం, ఉండకూడదనే. ఏపీఐని పరీక్షించాలంటే దానికి టోకెనో (పాస్‌వర్డ్‌లా లోనికి అనుమతించే రహస్య సంకేతం) పాస్‌వర్డో ఇవ్వాలి. ప్రతిసారీ టైపు చేయడం విసుగు కనుక డెవలపర్లు వాటిని ఆ సాఫ్ట్‌వేర్‌లోనే భద్రపరుస్తారు. చెల్లింపుల వ్యవస్థ టోకెన్, వినియోగదారుల వివరాలుండే డేటాబేస్ పాస్‌వర్డ్, ఎప్పుడో మానేసిన ఉద్యోగి పేరిట ఇంకా పనిచేస్తున్న టోకెన్, ఇవన్నీ ఒకే చోట చేరుతాయి. అంటే మీరు తరలిస్తున్నది సంస్థలోని మిగతా వ్యవస్థలన్నింటి తాళాలగుత్తిని. క్లౌడ్‌లో ఉన్నప్పుడు వాటి ప్రతులు అక్కడి బ్యాకప్‌లలోనూ చేరి ఉంటాయి. మీరు బయటికి వచ్చినంత మాత్రాన అవి వెంటనే చెరిగిపోవు. అందుచేత తరలింపు ప్రణాళికలో మొదటి పని పాత టోకెన్లన్నింటినీ రద్దుచేసి కొత్తవి జారీ చేయడం. ఈ ఒక్క పనికే ఎక్కువ సమయం కేటాయించండి, ఎందుకంటే ఏ టోకెన్‌ను ఎక్కడ వాడుతున్నారో చెప్పగలిగినవారు ఒకే బృందంలో ఉండరు.

కొత్తవాటిని ఎక్కడ దాస్తున్నారన్నది దాని తర్వాతి ప్రశ్న. కుబెర్నెటీస్‌లో రహస్యాలు అనే పేరుతో ఉంచినవి, ఎన్‌క్రిప్షన్‌ను మీరు విడిగా అమర్చనంతవరకు, బేస్64 రూపంలోనే నిల్వ అవుతాయి. అది అక్షరాలను మరో తీరులో రాసుకోవడమే గానీ రక్షణ కాదు, ఎవరైనా క్షణంలో వెనక్కి మార్చగలరు. సాఫ్ట్‌వేరే తన డేటాబేస్‌ను ఎన్‌క్రిప్ట్ చేసేదైతే, దాన్ని తెరిచే కీని బ్యాకప్ ఉన్న డిస్కులోనే పెట్టకండి. దొంగకు రెండూ కలిసి దొరుకుతాయి. అలాగని దాన్ని ఒక్క సర్వర్‌లో మాత్రమే వదిలేస్తే, ఆ సర్వర్ పోయిన రోజు ఎన్ని బ్యాకప్‌లున్నా తెరవడం సాధ్యం కాదు.

చాలామంది గమనించని ప్రమాదం ఇంకొకటి ఉంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లలో అనేకం వాడుకరి చెప్పిన చిరునామాకు అభ్యర్థనను సర్వర్ నుంచే పంపుతాయి. క్లౌడ్‌లో ఉన్నప్పుడు ఆ సర్వర్ మీ ఫైర్‌వాల్‌కు బయట ఉండేది. ఇప్పుడు లోపల ఉంటుంది. లాగిన్ ఉన్న ఎవరైనా, తమ కంప్యూటర్ నుంచి తెరుచుకోని జీతాల వ్యవస్థనో నెట్‌వర్క్ పరికరాల నిర్వహణ పేజీనో ఆ సర్వర్ ద్వారా పలకరించవచ్చు. ఏపీఐల భద్రతపై, సాఫ్ట్‌వేర్ భద్రత కోసం పనిచేసే ఓడబ్ల్యూఏఎస్‌పీ సంస్థ 2023లో ప్రకటించిన పది ముప్పులలో ఈ తరహా లోపం ఏడవది. ఆ సర్వర్ ఏ చిరునామాలకు వెళ్లవచ్చో ఒక జాబితా రాసి, తక్కిన దారులన్నీ ఫైర్‌వాల్‌లోనే మూసివేయండి.

ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచితే అప్‌డేట్లు అక్కర్లేదనే వాదనను ప్రోగ్రాములు తమ పనుల చిట్టా (లాగ్) రాసుకోవడానికి వాడే లాగ్‌4జేలో 2021 డిసెంబరులో బయటపడిన లోపం పూర్తిగా కొట్టివేసింది. బయటి సర్వర్‌కు వచ్చిన హానికర వాక్యం లాగ్‌ల రూపంలో లోపలి సర్వర్లకూ చేరగలదు. ఇక్కడ తప్పంతా వాడేవారిది కాదు. క్లౌడ్ ఎడిషన్‌కు వెంటనే ఇచ్చిన భద్రతా సవరణను సొంత సర్వర్ల ఎడిషన్‌కు నెలల తర్వాత ఇవ్వడం, సర్వర్ గుర్తింపును రుజువు చేసే టీఎల్‌ఎస్ సర్టిఫికెట్ మార్చిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ మొత్తాన్ని ఆపమనడం తయారీదారుల నిర్లక్ష్యపు రూపకల్పనే. బ్రౌజర్లు నేరుగా నమ్మే బహిరంగ టీఎల్‌ఎస్ సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు 2026 మార్చి 15 నుంచి 200 రోజులకు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులకు తగ్గేలా 2025లోనే నిర్ణయం జరిగింది. అలాంటి సర్టిఫికెట్ వాడేచోట చేత్తో మార్చే పద్ధతి ఇక నిలవదు. సర్టిఫికెట్ తనిఖీనే ఆపేయమని ఇన్‌స్టలేషన్ పత్రంలో రాసి ఉంటే, ఆ సాఫ్ట్‌వేర్‌ను కొనవద్దనే నా అభిప్రాయం.

భద్రతా సవరణలు రెండు ఎడిషన్లకూ ఒకే రోజు వస్తాయా అన్నది ఒప్పందానికి ముందే రాతపూర్వకంగా అడగండి. ఒప్పందం కుదిరాక, 300 మందికి లాగిన్లు ఇవ్వకముందే, ఖాళీ సర్వర్ ఒకటి తీసుకుని బ్యాకప్‌తోనూ విడిగా దాచిన కీతోనూ మొత్తం వ్యవస్థను మళ్లీ నిలబెట్టి చూడండి.