వజ్రాల వేటలో చురుకైన చూపు ల్యాబ్‌లో పనికొస్తుందా?

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా తుగ్గలి మండలం. మా అబ్బాయి ఇంటర్ బైపీసీ పాసయ్యాడు, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేస్తానంటున్నాడు. తొలకరి వానలకు చేలల్లో వజ్రాలు వెదికేటప్పుడు మేం దాటిపోయిన రాయి కూడా వాడి కంట పడుతుంది. మైక్రోస్కోప్ పనికి ఆ చూపు కలిసొస్తుందా? చూపుకు పదును పెట్టే ట్రైనింగ్ అంటూ ఒక సెంటర్ వాళ్లు పదిహేను వేలు అడుగుతున్నారు. కట్టమంటారా?

జవాబు: కట్టొద్దు. ముందు ఆ మాట చెప్పేసి కారణంలోకి వస్తాను.

మీవాడి చూపు చురుకే, కాదనను. (ఏమైనా దొరికిందా అని మాత్రం అడగను!) అయితే ఆ కన్ను అలవాటు పడింది రాళ్లకు. తడిమట్టిలో పలుగురాయి మెరుపేదో, అసలు మెరుపేదో పట్టడం ఏళ్లుగా చూసి చూసి వచ్చిన విద్య. రక్తపు స్లైడ్ మీదికి అది దానంతటది రాదు. 2000లో ఫర్మాన్‌స్కీ, ఎంగెల్ అనే పరిశోధకులు కొందరికి వస్తువుల బొమ్మలు రెప్పపాటు చూపించి పేర్లు చెప్పించారు. కొన్ని రోజుల సాధనతో వాళ్లు బాగా మెరుగయ్యారు. అవే బొమ్మల సైజు మార్చినా ఆ మెరుగు నిలిచింది. కొత్త వస్తువులు పెడితే మాత్రం చాలావరకు కనిపించలేదు. సెంటర్లో చుక్కలు, గళ్లు చూపించి నేర్పితే మీవాడు చుక్కల్లో, గళ్లలో ఫస్ట్ వస్తాడు. స్లైడ్ దగ్గర మళ్లీ మొదటికే.

అందుకని స్లైడ్ మీదే నేర్చుకోవాలి. ఫాల్సిపారం మలేరియా క్రిమి ఎర్ర రక్తకణంలో సన్నటి ఉంగరంలా, అంచున చిన్న చుక్కతో ఉంటుంది. కణం మీద పడ్డ ప్లేట్‌లెట్ కొత్తవాళ్ల కంటికి అచ్చం అలాగే ఉంటుంది. ప్లేట్‌లెట్ చుట్టూ తెల్లటి వలయం ఉందేమో చూడమని, వైవాక్స్ అనే ఇంకో రకం మలేరియా క్రిమి అయితే కణమే ఉబ్బి ఉంటుందని పక్కన నిలబడి చెప్పేవాళ్లు కావాలి. ఎక్కడ చూడాలో తెలిస్తే పని ఎంత సులువవుతుందంటే, కోడిపిల్లల్లో ఆడ, మగ గుర్తించడం మీద 1987లో బీడర్‌మన్, షిఫ్రార్ చేసిన ప్రయోగం చూడండి. ఏమీ తెలియనివాళ్లు ఫొటోలు చూసి సుమారు 60 శాతం సరిగా చెప్పారు. ఏ భాగం చూడాలో వివరించిన చిన్న కాగితం చదివాక అది 84 శాతానికి చేరింది.

కాబట్టి కాలేజీ చూడబోయినప్పుడు బిల్డింగు చూసి మురిసిపోకండి. అనుబంధ ఆసుపత్రి ఉందా, రోజూ నిజమైన శాంపిళ్లు వస్తాయా, ఒక్కో మైక్రోస్కోప్ మీద ఎంతమంది పడతారు, ఇవి అడగండి. సీనియర్ విద్యార్థులను పక్కకు పిలిచి అడిగితే ఇంకా నిజం తెలుస్తుంది. చేరాక మీవాడు రకరకాల స్లైడ్లు కలగలిపి చూడాలి, వాటిలో జబ్బు లేనివీ ఉండాలి. చూసిన వెంటనే తను చెప్పింది రైటో తప్పో సార్‌ను అడిగి తెలుసుకోవాలి. ఒకే స్లైడ్ పదిసార్లు చూస్తే ఆ స్లైడే గుర్తుంటుంది, జబ్బు కాదు.

చేల నుంచి నిజంగా వెంట వచ్చేది ఓపిక. మలేరియా లేదని రాసే ముందు మందపాటి స్మియర్‌లో (స్లైడ్ మీద మందంగా పూసిన రక్తపు చుక్కలో) కనీసం వంద ఫీల్డులు, అంటే మైక్రోస్కోప్‌లో ఒక్కసారికి కనబడే మేర చొప్పున వంద చోట్లు, చూడాలి. గంటలకొద్దీ వంగి రాళ్లు వెదికినవాడికి అది పెద్ద కష్టం కాదనుకుంటాను.

ఇంకొక్కటి. కంటి డాక్టరు దగ్గర రంగుల చూపు పరీక్ష చేయించండి. స్లైడ్లలో సగం సంగతి ఎరుపు, నీలం, ఊదా తేడాల్లోనే ఉంటుంది. ఎరుపు-పచ్చ రంగుల తేడా పోల్చలేని లోపం పుట్టుకతో ఉంటే సాధనతో పోదు. ఫీజు కట్టేలోపే చేయించండి.