టెక్ సందేహాలు: అడిగింది ఒక్క అంకె, పంపుతున్నది ఖాతా పుస్తకం

ప్రశ్న: బాలానగర్‌లో కంప్యూటర్‌తో నడిచే మెషీన్లున్న చిన్న సీఎన్‌సీ వర్క్‌షాపు నడుపుతున్నాను. మేం చేసే స్టీలు బుష్షులు (ఇరుసుకు తొడిగే చిన్న గొట్టపు ముక్కలు) పుణెలోని ఒక కంపెనీ ద్వారా జర్మనీ కార్లకు వెళ్తాయి. ఇప్పుడు వాళ్లు ‘కాటెనా-ఎక్స్’లో చేరి ఒక్కో బుష్షుకు కార్బన్ లెక్క, అంటే దాని తయారీలో ఎంత కార్బన్ డయాక్సైడ్ వెలువడిందో, పంపమంటున్నారు. చేరితే మా ధరలు, ప్రోగ్రాములు పోటీదారుల చేతికి వెళ్లవా?

జవాబు: మీ భయం సబబే, కానీ చేరండి. బీఎండబ్ల్యూ, మెర్సిడెస్-బెంజ్, బాష్, ఎస్‌ఏపీ వంటి సంస్థలు కార్ల తయారీలో ఉన్న కంపెనీలు ఒకదానితో ఒకటి సమాచారం పంచుకోవడానికి 2021లో జర్మనీలో మొదలుపెట్టిన ఏర్పాటు ఇది. ఇందులో అందరి సమాచారాన్నీ తెచ్చి పోసే ఉమ్మడి గోదాము ఏదీ లేదు. మీ ఫైలు మీ సర్వర్‌లోనో, మీరు అద్దెకు తీసుకున్న క్లౌడ్‌లోనో ఉంటుంది. కనెక్టర్ అనే సాఫ్ట్‌వేర్ గుమ్మం దగ్గర కాపలా కాస్తుంది. అడిగినవారి గుర్తింపు సంఖ్య, వాళ్లు ఒప్పుకున్న షరతులు సరిపోలితేనే ఫైలు కదులుతుంది. పైగా మీ లావాదేవీ మీ దగ్గర కొనేవారితో, మీకు సరుకు ఇచ్చేవారితో మాత్రమే. కార్ల కంపెనీ నేరుగా వచ్చి మీ ఖాతా తెరిచి చూడదు.

అయితే ఆ కాపలా గుమ్మం వరకే. ఫైలు అవతలి కంప్యూటర్‌లోకి చేరాక, దాన్ని మరొకరికి చూపకుండా ఆపేది మీరు సంతకం పెట్టిన ఒప్పందమే. ఎవరు చూస్తారు, ఎందుకు వాడతారు, ఎన్నాళ్లు దాచుకుంటారు అన్నవి అందులో రాయించుకోండి. అసలు జాగ్రత్త మాత్రం ఏం పంపుతున్నారన్న దగ్గరే ఉంది.

240 గ్రాముల కడ్డీ ముక్క నుంచి 150 గ్రాముల బుష్షు వస్తుందనుకోండి. మిగిలిన 90 గ్రాములు మెషీన్ కింది ట్రేలో చుట్టలు చుట్టలుగా పడుతుంది. కార్బన్ లెక్క 240 గ్రాముల స్టీలుతో మొదలవుతుంది. దానికి కరెంటు బిల్లులో ఆ బుష్షు వాటా కలుస్తుంది. చివరికి తేలేది ఒక్కటే: బుష్షుకు ఇన్ని కిలోల కార్బన్ డయాక్సైడ్ అన్న అంకె. ఆ అంకె, లెక్క కట్టిన పద్ధతి, ఏ కాలానికి కట్టారన్నది పంపితే చాలు. కానీ చిన్న యూనిట్లలో చాలామంది ఎక్సెల్ షీటు మొత్తాన్ని వాట్సాప్‌లో పంపేస్తారు. అందులో సైకిల్ టైం (ఒక్కో బుష్షుకు మెషీన్ మీద పట్టే సమయం) ఉంటుంది, స్క్రాప్ శాతం ఉంటుంది. ఆ రెండూ చేతికొచ్చిన పర్చేజ్ మేనేజర్ మీ ఖర్చెంతో, మీకు మిగిలేదెంతో వేళ్ల మీద లెక్కవేస్తాడు. వచ్చే ఏడాది ధర తగ్గించమని అడిగేటప్పుడు ఆ షీటే అతని చేతిలో ఉంటుంది. నన్నడిగితే కాటెనా-ఎక్స్ కన్నా ఆ షీటుకే ఎక్కువ భయపడాలి.

ఈ లెక్కలు నేర్చుకోక తప్పదు కూడా. యూరప్‌కు వెళ్లే ఇనుప నట్లు, బోల్టులు 2026 జనవరి 1 నుంచి కార్బన్ సుంకం (తయారీలో వెలువడిన కార్బన్‌ను బట్టి వేసేది) లెక్కలోకి వచ్చాయి. 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడ విద్యుత్ వాహనాల బ్యాటరీలకు క్యూఆర్ కోడ్‌తో, కార్బన్ లెక్కతో సహా వివరాలు చూపే డిజిటల్ పాస్‌పోర్టు తప్పనిసరి.

ప్రశ్న: కొనే కంపెనీ త్రీడీ డిజైన్ అడుగుతోంది. మేం డిజైన్ గీసే సాఫ్ట్‌వేర్ సాలిడ్‌వర్క్స్ ఫైలే ఇవ్వాలా?

జవాబు: ఒప్పందంలో అలా లేకపోతే, వేర్వేరు డిజైన్ సాఫ్ట్‌వేర్లలో తెరుచుకునే స్టెప్ ఫైలు ఇవ్వండి. ఆకారం, కొలతలు వెళ్తాయి. మీరు ఏ వరుసలో గీశారన్న చరిత్ర మీ దగ్గరే ఉంటుంది.

ప్రశ్న: మెషీన్ సర్వీసువాళ్లు ఇరవై నాలుగు గంటలూ రిమోట్ కనెక్షన్ తెరిచి ఉంచమంటున్నారు. ఫర్వాలేదా?

జవాబు: వద్దు. 2022 మార్చి 1న జపాన్‌లో టొయోటా 14 కర్మాగారాలు, 28 లైన్లు ఒక రోజంతా ఆగిపోయాయి. కారణం, విడిభాగాలు ఇచ్చే కొజిమా అనే సంస్థపై జరిగిన సైబర్ దాడి. దాని అనుబంధ సంస్థ వాడే రిమోట్ కనెక్షన్ పరికరంలోని లోపం గుండానే దుండగులు లోపలికి దూరారు. సర్వీసువాళ్లు ఫోను చేసినప్పుడే కనెక్షన్ ఇవ్వండి, పని జరుగుతున్నంతసేపు మీ మనిషిని స్క్రీను ముందు కూర్చోబెట్టండి. అయిపోగానే పాస్‌వర్డు మార్చి, ఆ మెషీన్ నెట్ కేబుల్ తీసేయండి.