వాల్వు రేడియోలో ఒకే స్టేషన్ డయల్ అంతా వినిపిస్తుంటే

ఒకే వాల్వుతో కట్టుకున్న రీజెనరేటివ్ సెట్‌లో (వాల్వు నుంచి వచ్చే సిగ్నల్‌లో కొంత వెనక్కి పంపి మళ్లీ పెంచే రేడియోలో) విజయవాడ 837 కిలోహెర్ట్జ్ సగం డయల్ దాకా పరుచుకుంటోంది, హైదరాబాద్ 738 వినబడనివ్వడం లేదు, ఇంకో వాల్వు కలపాలా అని అడిగారు. ఇప్పుడే వద్దండి. ముందు ఏరియల్ సంగతి చూడండి.

నాదీ అదే రకం సెట్, ఈఎఫ్80 అనే పెంటోడ్ (ఐదు ఎలక్ట్రోడ్ల వాల్వు)తో కట్టాను. డాబా మీది పొడవాటి తీగను నేరుగా కాయిల్ కొసకు కలిపితే ట్యూనింగ్ సర్క్యూట్ మీద లోడ్ పడి క్యూ (ఒక్క స్టేషన్‌నే పదునుగా పట్టే గుణం) పడిపోతుంది. క్యూ 50 ఉంటే 837 దగ్గర బ్యాండ్‌విడ్త్ (ఒకేసారి లోపలికి వచ్చే ఫ్రీక్వెన్సీల వెడల్పు) సుమారు 17 కిలోహెర్ట్జ్, 100 ఉంటే 8కి కాస్త ఎక్కువ. మన మీడియం వేవ్‌లో ఛానెళ్ల మధ్య ఎడమే 9. అందుకే నేను నాలుగైదు చుట్ల చిన్న కాయిల్ వేరుగా చుట్టి, ఒక కొస ఏరియల్‌కి, రెండోది ఎర్త్‌కి ఇచ్చి, మెయిన్ కాయిల్‌కి దగ్గరగా, దూరంగా జరుపుకునేలా పెట్టుకున్నాను. అంత ఓపిక లేకపోతే ఏరియల్‌కి సిరీస్‌లో 10 పికోఫారడ్ కండెన్సర్ వేసినా తేడా తెలుస్తుంది.

ఆ చిన్న కాయిల్‌ని దూరం జరిపితే శబ్దం తగ్గుతుంది, కంగారు పడకండి. అమెరికన్ ఇంజనీర్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1914లో పేటెంట్ పొందిన ఈ రీజెనరేటివ్ సర్క్యూట్ గొప్పతనమంతా ఇక్కడే ఉంది: ప్లేటు (వాల్వు అవుట్‌పుట్ కొస) నుంచి వెనక్కి పంపే సిగ్నల్, కాయిల్‌లో పోయే శక్తిని పూడ్చి క్యూని పెంచుతుంది. కాబట్టి రియాక్షన్ నాబ్ (వెనక్కి పంపే మోతాదు మార్చేది) మెత్తగా తిరగడం చాలా ముఖ్యం. నేను స్క్రీన్ (వాల్వులోని రెండో గ్రిడ్) వోల్టేజిని పొటెన్షియోమీటర్‌తో మారుస్తాను, స్క్రీన్ నుంచి ఎర్త్‌కి 0.1 మైక్రోఫారడ్ కండెన్సర్ ఉంటే తిప్పేటప్పుడు గరగర ఉండదు. ఈల మొదలయ్యే చోటికి కొంచెం ఇవతల ఆపండి. మరీ అంచుకు తెస్తే మాట ముద్దముద్దగా వస్తుంది. దాటితే మీ ఏరియలే ట్రాన్స్‌మిటర్ అయి పక్కింటి రేడియోలో ఈల వేస్తుంది.

ఇంకా 837 వదలకపోతే ఏరియల్ దారిలో వేవ్ ట్రాప్ (ఒక్క ఫ్రీక్వెన్సీని అడ్డుకునే సర్క్యూట్) పెట్టండి: 200 మైక్రోహెన్రీ కాయిల్, దానికి ప్యారలల్‌గా 180 పికోఫారడ్ చుట్టుపక్కలకు వచ్చే గ్యాంగ్ కండెన్సర్ (తిప్పి విలువ మార్చుకునేది). సెట్‌ని 837 మీద ఉంచి, ఆ స్టేషన్ బాగా సన్నగిల్లే దాకా ట్రాప్ గ్యాంగ్ తిప్పి అక్కడే వదిలేయండి. ట్రాప్ కాయిల్ మెయిన్ కాయిల్‌కి దూరంగా, దానికి లంబంగా ఉండాలి. పక్కపక్కనే పెడితే రెండూ కలిసిపోయి ట్యూనింగ్ లాగేస్తుంది.