కట్ట కింద తేమ

ప్రశ్న: మేముండేది బెంగళూరు మారతహళ్లిలో. చింతామణి దగ్గర తోటలో నాన్నగారు కట్టించిన కుంట ఉంది. మట్టికట్ట ఎత్తు 4 మీటర్లు. ఈమధ్య కట్ట కింద నీళ్లు ఊరుతున్నాయి. కుంట ఖాళీ చేయమంటున్నారు. చేయాలా? ఫొటోలు పంపుతున్నాను. - ఒక పాఠకురాలు

జవాబు: టెన్షన్ పడకండమ్మా. ముందు ఒక గాజు గ్లాసు తీసుకెళ్లి ఆ ఊట నీళ్లు పట్టి, అరగంట కదపకుండా పెట్టండి. తేటగా ఉంటే వారానికోసారి బకెట్టుతో కొలిచి రాసుకోండి, చాలు. అడుగున మన్ను పేరుకుంటే మాత్రం నీళ్లు కట్ట లోపలి మట్టిని మోసుకొస్తున్నట్టే. 1976లో అమెరికాలో టీటన్ డ్యామ్ ఇలాగే లోపల్నుంచి కోసుకుపోయింది. అప్పుడు కింది పొలాలవాళ్లకు చెప్పి, ఇంజనీరును పిలిచి, తూము (కట్ట అడుగున నీళ్లు వదిలే దారి) కొద్దికొద్దిగా తెరవండి. ఒక్కసారిగా దించేస్తే కట్ట లోపలి వాలు జారుతుంది.

ఫొటోల్లో నన్ను భయపెట్టింది ఊట కాదు, అలుగు - కుంట నిండాక ఎక్కువైన నీళ్లు బయటికి పోయే దారి. దాని మీద ఇసుక బస్తాలు పేర్చారెవరో! నాలుగు నీళ్లు ఎక్కువ నిలుస్తాయన్న ఆశ కాబోలు. ఇవాళే తీయించండి, లేకపోతే వరద కట్ట మీంచే పొర్లుతుంది. 2021 నవంబరులో అన్నమయ్య డ్యామ్ మట్టికట్ట, మీంచి వరద పొర్లడం వల్లే కొట్టుకుపోయింది. అంత పెద్ద కట్టే ఆగలేదు.

కట్ట మీది తుమ్మ మొక్కలను లేతగా ఉండగానే పీకేయండి. ఎలుక బొరియలుంటే తవ్వి, బంకమట్టితో దిమ్మిస కొట్టించండి.

2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం 10 మీటర్ల లోపు కట్టలకు వర్తించదు. తనిఖీకి ఎవరో వస్తారని ఎదురుచూడకండి.